మా బావ నడిచిన సెమీఫైనల్

మా బావకు నడుం నొప్పి మా అక్కకంటే ముందే పరిచయం. పెళ్లినాటికే ఆయన కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఒక ఊపిరి గట్టిగా పీల్చుకుని, అప్పుడు లేచేవాడు. అది మర్యాదనుకుని మా ఇంట్లోవాళ్లు మురిసిపోయారు. ఎంత నిదానస్తుడో, ఎంత ఒద్దికో అని మా పిన్ని పదిమందికీ చెప్పింది. అసలు సంగతి కాపురానికి వెళ్లిన రెండో వారంలో అక్కకు తెలిసింది. అప్పటికి చేసేదేముంది?

ఆయన పని ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మొయ్యడం. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి యాభై మూడో ఏటి దాకా బీరువాలు, మంచాలు, ఫ్రిజ్‌లు, ఒకసారైతే పళ్ల డాక్టరు గారి కుర్చీ, ఏది పడితే అది మోశాడు. నాకు చదువబ్బకపోతే తన దగ్గరే చేర్చుకున్నాడు. బావమరిదిని కదా, కాస్త కనికరిస్తాడనుకున్నాను. బరువంతా పడే కిందివైపు నాకిచ్చి, మెట్ల మలుపుల్లో లెక్కచూసి తిప్పే పైవైపు తనుంచుకున్నాడు. అడిగితే, "నీకు నడుముందిరా, నాకు బుర్ర ఉంది. ఉన్నవాడు ఉన్నది పెట్టాలి," అనేవాడు.

ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ల ఆఫీసు పాత మేడ మీంచి కొత్త మేడకు మారినప్పుడు, గెలిచిన కప్పులు పెట్టుకునే అద్దాల బీరువాను మేమే దించాం. వంపు తిరిగిన మెట్లు. లోపలి కప్పులు తీసే ఓపిక ఎవరికీ లేక అలాగే దించమన్నారు. మూడంతస్తులు దించేసరికి ఒక్క కప్పు కూడా టింగుమనలేదు. క్లబ్బు కార్యదర్శి గారు కింద నిలబడి అంతా చూశారు.

"మనుషుల్ని కూడా ఇలాగే మొయ్యగలరా?" అని అడిగారు.

"మనిషి బీరువాకంటే తేలికేనండీ. కాకపోతే మాట్లాడతాడు," అన్నాడు బావ.

అలా మేం స్ట్రెచర్ వాళ్లమయ్యాం. మైదానానికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఆదివారం ఆదివారం ఆట. క్లబ్బు డాక్టరు రెండు రోజులు కూర్చోబెట్టి, విరిగిన కాలు ఎలా పట్టుకోవాలో, మెడ దగ్గర ఏం చెయ్యకూడదో నేర్పించాడు. వెళ్లేటప్పుడు ముందు బావ, వెనక నేను. తెచ్చేటప్పుడు ముందు నేను, వెనక తలవైపు బావ. పడ్డవాడికి కళ్లు తెరవగానే తలకిందులుగా కనిపించేది మా బావ మొహం. అది చూసి సగంమంది లేచి ఆడతామంటారని నేను ఏడిపించేవాణ్ని.

ఆ తరవాత పదేళ్లపాటు ఆయన పరిగెత్తాడు. రిఫరీ చెయ్యి లేపడమే ఆలస్యం, ఆ నడుం నొప్పి మనిషి ఎక్కడి నుంచి తెచ్చుకునేవాడో గానీ పరుగు తీసేవాడు. సొంత జట్టువాడా, వచ్చిన జట్టువాడా అని చూసేవాడు కాదు. ఒకసారి నేను ఆయాసపడుతూ విసుక్కుంటే, "కింద పడి ఉన్నవాడికి ఒక్క నిమిషం ఎంత పొడుగో నీకేం తెలుసు? వాణ్ని ఆగబెట్టకూడదు, అంతే," అన్నాడు. ఆయన జీవితంలో గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్కటే. చదువు లేదు, ఆస్తి లేదు, చెప్పుకోదగ్గ అందం అంతకన్నా లేదు. కింద పడ్డవాణ్ని ఆగబెట్టడనే పేరు మాత్రం ఉంది.

ఇంకో విద్య కూడా అబ్బింది ఆయనకు. ఎవడు నిజంగా పడ్డాడో, ఎవడు ఉత్తుత్తిగా పడ్డాడో రెండు చూపుల్లో చెప్పేసేవాడు. దొర్లేవాడికి ఏమీ కాలేదు. వేళ్ల సందుల్లోంచి రిఫరీని చూసేవాడికి అసలేమీ కాలేదు. నిజంగా దెబ్బ తగిలినవాడు కదలడు, అరవడు, పక్కనున్నవాడి చొక్కా పట్టుకుంటాడు. పదేళ్లలో ఆయన అంచనా తప్పడం నేను చూడలేదు. ఉత్తుత్తివాడి కోసం కూడా పరిగెత్తేవాడు, అది వేరే సంగతి.

మా క్లబ్బు ముందటేడు దేశం లీగ్ గెలిచింది. ఎలా గెలిచిందో గెలిచినవాళ్లకే అర్థం కాలేదు. గెలిచిన పాపానికి ఖండంలోని గొప్ప గొప్ప క్లబ్బులన్నీ ఆడే చాంపియన్‌షిప్‌లో చోటు దొరికింది. ఎనిమిది నెలల పోటీ. మొదట నాలుగేసి జట్లకో గుంపు, ఒక్కో జట్టుతో ఇక్కడో ఆట, అక్కడో ఆట. అందులో నిలిస్తే ముందుకు. పరాయి దేశం వెళ్లే గొడవ మాకు లేదు, అక్కడ మొయ్యడానికి అక్కడివాళ్లుంటారు. మాకు మిగిలింది ఇక్కడి బుధవారాలు. అంటే ఆదివారం లీగ్, బుధవారం చాంపియన్‌షిప్, మిగతా రోజులు బీరువాలు. బుధవారం మధ్యాహ్నం దాకా కూడా బీరువాలే.

మొదటి నెలలోనే బావ నడుం మొరాయించింది. పొద్దున్నే మంచం మీంచి లేవడానికి అక్క భుజం కావాల్సి వచ్చేది. వేడినీళ్ల సంచీ వాడి వాడి చిల్లుపడి, పరుపు మీద మచ్చ పడింది. లారీలో ముందు కూర్చుని, రెండు వీధులు దాటకముందే నిద్రపోయేవాడు. ఇల్లొచ్చిందని నేను లేపితే, ఎవరిదో తెలియని ఇంటి వైపు చూసి, "ఎన్నో అంతస్తు?" అని అడిగేవాడు. నేను చెప్పిన అంకె విని కళ్లు మూసుకునేవాడు.

"ఇంక చాలు, ఆ స్ట్రెచర్ మానెయ్యి," అంది అక్క.

"ఈ చాంపియన్‌షిప్‌లో మనవాళ్లు ఓడిపోయిన రోజున మానేస్తా," అన్నాడు బావ. "మధ్యలో వదిలేస్తే బాగుండదు."

మహా అయితే మూడు బుధవారాలనుకున్నాం. అక్కడే మావాళ్లు మోసం చేశారు. గెలవడం మొదలుపెట్టారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారన్నట్టు, ఊరంతా గెలవాలని గొంతు చించుకుంటుంటే మా అక్కొక్కతే ఓడిపోతే బాగుండునని టీవీ ముందు కూర్చునేది. మావాళ్లు గోల్ కొడితే, "చచ్చాం," అనేది.

గుంపులో రెండో ఆట అయ్యాక కార్యదర్శి గారు మమ్మల్ని పక్కకు పిలిచారు. చాలా మర్యాదస్తుడు. మాతో మాట్లాడేటప్పుడు కూడా కోటు బొత్తాం పెట్టుకుంటారు.

"మనవాళ్లు ముందున్నప్పుడు కూడా మీరు పరిగెత్తుతున్నారు," అన్నారు. "ఎందుకంత తొందర? మనం వెనకబడితే పరిగెత్తండి, కాదనను. ముందుంటే కాస్త నడవండి. గడియారం కూడా మన ఆటగాడే కదా."

"పడ్డవాడికి నొప్పిగా ఉంటుంది కదండీ," అన్నాడు బావ.

"మనం ముందున్నప్పుడు పడేవాళ్లలో నొప్పి ఎంతమందికి ఉంటుంది? అది మీకే బాగా తెలుసంటున్నారు అందరూ. అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి. మొన్న మనవాళ్లు అక్కడికెళితే వాళ్ల స్ట్రెచర్ వాళ్లు ఎలా వచ్చారనుకున్నారు? పెళ్లికొడుకుని తెచ్చినట్టు వచ్చారు."

బావ ఇంటికొచ్చేశాడు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నేనూ కోరాను. మూడో రోజున ఒక ఇనప మంచం దించి మెట్ల మీద కూలబడితే, అదను చూసి చెప్పాను.

"నడిస్తే తప్పేంటి బావా? పడ్డవాడు నిజంగా పడ్డాడో లేదో నీకు దూరం నుంచే తెలుస్తుంది. నిజమైతే పరిగెడదాం. ఉత్తిదైతే నడుద్దాం. నీ నడుముకీ మంచిది, క్లబ్బుకీ మంచిది. ఎవడికి నష్టం?"

"ఎవడికీ లేదు," అన్నాడు. అలా ఒప్పుకున్నందుకు కాదు, ఒప్పుకున్నాక ఆయన మొహంలో కనిపించిన తేలికను చూసి నాకు జాలేసింది. పాపం, ఎంత అలసిపోయాడో అప్పుడర్థమైంది.

మా జట్టులో ఎడమవైపు ఆడే డిఫెండర్ ఒకడుండేవాడు. పాతికేళ్లుంటాయి. మేమంతా కళాకారుడు అని పిలిచేవాళ్లం. ముందున్నామంటే చాలు, గాలి తగిలినా పడిపోయేవాడు. పడ్డమంటే మామూలు పడ్డం కాదు, మోకాలు పట్టుకుని మూడు దొర్లుళ్లు, నేల మీద చేత్తో నాలుగు చరుపులు. మేం గీత దాటించగానే లేచి, బావ భుజం తట్టి, "నీళ్లున్నాయా అన్నా?" అని తాగి మళ్లీ లోపలికి పోయేవాడు. మనిషి మంచివాడు. బావ నడుముకు మా అక్క రాసే తైలం మాటొస్తే, అది తన అమ్మ కూడా వాడుతుందని నిలబడి కబుర్లు చెప్పాడు.

వాడి కోసమే బావ మొదటిసారి నడిచాడు. నిటారుగా, తొందరేం లేనట్టు, అడుగులో అడుగు. నడుం నొప్పివల్ల ఒక పక్కకు కాస్త ఊగుతాడు. ఆ ఊగుడు గ్యాలరీలో ఎవడికో నచ్చింది. అడుగుకో చప్పట్లు మొదలుపెట్టాడు. పక్కవాడు అందుకున్నాడు. తరవాతి ఆటకు ఒక వైపు గ్యాలరీ, క్వార్టర్ ఫైనల్‌కు మైదానం మొత్తం. బావ అడుగేస్తే పాతిక వేల చేతులు ఒక్కసారి కలిసేవి. 'పల్లకీ' అని పేరు పెట్టారు. పేపర్లో ఫొటో పడింది. సామాన్లు దించడానికి వెళ్లిన ఇంటివాళ్లు మంచినీళ్లిచ్చి, "పల్లకీ గారు మీరేనా?" అని అడిగారు.

బావ సిగ్గుపడేవాడు. కానీ బాగుండేది ఆయనకు, నేను చూశాను కదా. ముప్పై అయిదేళ్లు జనాల బరువులు మోస్తే ఒక్కడు చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు ఖాళీ స్ట్రెచర్ పట్టుకుని నడిస్తే కొడుతున్నారు. ఎవరికి మాత్రం బాగుండదు?

అక్కకు మాత్రం నచ్చలేదు. "టీవీలో చూశాను. అదేం నడక?" అంది.

"నడుముకు మంచిదే," అన్నాడు బావ.

"నీ నడుం సంగతి నాకు తెలుసు. నేనడిగింది అది కాదు," అంది. ఆ మాట మీద ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు.

సెమీఫైనల్ వచ్చింది. అక్కడ జరిగిన మొదటి ఆటలో ఎవరూ గోల్ కొట్టలేదు. ఇక్కడి రెండో ఆట కూడా బుధవారమే. ఆ పొద్దున లిఫ్టు లేని నాలుగో అంతస్తు నుంచి ఒక లాయరు గారి పుస్తకాలు దించాం. పుస్తకాలకంటే పాపిష్టి సామాను లోకంలో లేదు. మైదానానికి వెళ్లేసరికి బావ వేళ్లు వంకరపోయి తెరుచుకోవడం లేదు. గీత పక్కన బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

రెండో సగంలో మావాళ్లు గోల్ కొట్టారు. ఇక మొదలైంది కళాకారుడి కచేరీ. పావుగంటలో మూడుసార్లు పడ్డాడు. మూడుసార్లు వెళ్లాం, చప్పట్లతో. మూడుసార్లూ నీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆట ముగియడానికి ఇంకా పది నిమిషాలుందనగా నాలుగోసారి పడ్డాడు. మా గోల్ దగ్గర, మాకు బాగా దూరంగా. వాడూ, అవతలి జట్టువాడూ ఒకేసారి బంతి మీదికి కాలు విసిరారు. అవతలివాడు లేచాడు. వాడు లేవలేదు.

రిఫరీ రెండు చేతులూ ఊపాడు. కార్యదర్శి గారు కోటు బొత్తాం పెట్టుకుంటూ మా వైపు అరచెయ్యి చూపించి, మెల్లిగా కిందికి దించారు. బావ లేచాడు. ఒక ఊపిరి పీల్చుకున్నాడు. మొదటి అడుగు పడగానే చప్పట్లు మొదలయ్యాయి.

వెనక నుంచి నాకు బావ వీపు, దాని పక్కనుంచి కొంచెం మైదానం కనిపిస్తాయి. వాడు దొర్లడం లేదు. మా గోల్‌కీపర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ అందరూ బాగా నటిస్తున్నారే అనుకున్నాను. సగం దూరం వెళ్లాక నాకు అనుమానమొచ్చింది.

"బావా, నిజంగానే పడ్డట్టున్నాడు."

"పద," అన్నాడు బావ. నడక మారలేదు. ఒక పక్కకు ఊగుతూ, అడుగుకో చప్పట్లు పడుతూ, అలాగే నడిచాం. నాకు ఆ దారి ఎంతకీ తరగలేదు.

దగ్గరికి వెళ్లేసరికి, మోకాలి కింద కాలు ఎటు ఉండకూడదో అటు ఉంది. డాక్టరు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. వాడు అరవడం లేదు. డాక్టరు చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుని, పళ్ల మధ్య నుంచి ఏదో అంటున్నాడు. బావ వంగి తలవైపు పట్టుకుంటే అప్పుడు వినిపించింది.

"చప్పట్లు ఆపమనన్నా," అంటున్నాడు. "కాస్త ఆపమను."

ఎత్తాం. వెనక నుంచి బావ, "పరిగెత్తు," అన్నాడు. పరిగెత్తాను. పల్లకీ పరిగెడుతోందని జనం ముందు నవ్వారు. ఎవరో ఈలలు వేశారు. తరవాత దగ్గరున్నవాళ్లకు కాలు కనిపించినట్టుంది, వాళ్ల దగ్గర మొదలై మైదానమంతా నోరు మూసుకుంది. అంబులెన్సులోకి ఎక్కించి తలుపు వేశాక బావ దాని చక్రం పక్కనే నేల మీద కూర్చున్నాడు. మళ్లీ తనంతట తను లేవలేదు. నేనూ, గేటు దగ్గర కాపలా మనిషీ కలిసి లారీలో పడుకోబెట్టాం. వెనక మైదానంలో ఆట అయిపోయింది. మావాళ్లు ఫైనల్‌కు వెళ్లారు.

పదకొండు రోజులు మంచం మీదే ఉన్నాడు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు. "పొరపాటు పడ్డాను. ఎప్పట్లాగే ఉత్తిదనుకున్నా." ఎవరూ తప్పు పట్టలేదు. మూడుసార్లు నాటకమాడినవాణ్ని నాలుగోసారి ఎవరు నమ్ముతారన్నారు. రెండు నిమిషాలు ముందు వెళ్లినా ఆ కాలు అంతేనని డాక్టరు కూడా చెప్పాడు. వాడిక ఆడలేడని కూడా ఆయనే చెప్పాడు. కార్యదర్శి గారు పళ్లబుట్ట పంపించారు. ఫైనల్ రెండు జట్లకూ సంబంధం లేని పరాయి దేశంలో, ఆదివారం మధ్యాహ్నం. మా ఇద్దరినీ క్లబ్బు అతిథులుగా తీసుకెళతామని కబురు పెట్టారు. బావ వద్దన్నాడు. అక్క ఆ పళ్లు ముట్టుకోలేదు.

నేనూ ఓదార్చాను. పదేళ్లలో ఒక్క పొరపాటు, ఎవరికి జరగదు? అన్నాను. నడవమని ఎగదోసింది నేనే కదా, నన్ను తిట్టు అన్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఫైనల్ రోజు మధ్యాహ్నం లేచి చొక్కా వేసుకున్నాడు. "ఆసుపత్రికి పోదాం పద. ఇవాళ ఆ అబ్బాయి దగ్గర ఎవరూ ఉండరు," అన్నాడు.

నిజంగానే ఎవరూ లేరు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లంతా కింద హాల్లో టీవీ దగ్గరున్నారు. రెండో అంతస్తు గదిలో వాడొక్కడే, కాలికి తొడ దాకా పట్టీ, గోడ మీద టీవీ ఉన్నా ఆపేసి ఉంది. తైలం మాట తీసి పలకరించాడు. బావ స్టూలు మీద కూర్చున్నాడు.

వాడే మొదలుపెట్టాడు. "నువ్వు బాధపడుతున్నావని మన డాక్టరు చెప్పాడన్నా. ఇందులో నీ తప్పేముంది? రోజూ ఉత్తుత్తిగా పడింది నేను. నిజంగా పడితే నీకెలా తెలుస్తుంది?"

"తెలుసు తమ్ముడూ," అన్నాడు బావ.

నేను బావ మొహంలోకి చూశాను.

"నువ్వు పడగానే తెలుసు. బెంచీ మీంచి లేవకముందే తెలుసు."

"మరి?" అని అడిగాడు వాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"అలసిపోయాను," అన్నాడు బావ. "పరిగెత్తాలంటే ఒళ్లు రాలేదు. నడిస్తే ఎవరూ ఏమనరు, పైగా చప్పట్లు. నడిచేశాను."

ఆయన్ని అన్నేళ్లు ఎరిగినవాణ్ని, నేను ఆ గదిలో నిలబడలేకపోయాను. అబద్ధం చెప్పమనాలనిపించింది. చెప్పిన అబద్ధం చక్కగా ఉంది కదా, అందరూ నమ్మారు కదా. కింద హాల్లో ఒక్కసారిగా కేకలు లేచాయి, ఎవరో గోల్ కొట్టినట్టున్నారు. వాడు అటు చెవి కూడా పెట్టలేదు. పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు.

అప్పుడు నర్సు తలుపు తీసి, ఎక్స్‌రేకు టైమైందని, కిందికి తీసుకెళ్లేవాళ్లు టీవీ దగ్గర నుంచి కదలడం లేదని, ఇదిగో అదిగో అంటున్నారని గొణుక్కుంటూ చెప్పింది. చక్రాల మంచం గుమ్మం బయటే ఉంది. బావ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఊపిరి పీల్చుకుని లేచి, తలవైపుకు వెళ్లి దుప్పటి అంచులు పట్టుకున్నాడు. నన్ను కాళ్లవైపు రమ్మని కళ్లతోనే సైగ చేశాడు.

వాడు తల పైకెత్తలేదు. "వద్దన్నా. వాళ్లొచ్చేదాకా ఆగుతాను," అన్నాడు.

బావ దుప్పటి వదిలేశాడు. కింద టీవీలో ఆట సగం అయ్యాక గానీ వాళ్లు రాలేదు. అప్పటిదాకా ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం.